జానెడు మొక్కకు టమోటా కట్టె

జానెడు మొక్కకు నాలుగడుగుల కట్టె నాటి, పురికొస వేలాడదీసి, ఎప్పుడు పైకి ఎక్కుతుందా అని కాపలా కాసిన మనిషి మదనపల్లె మొత్తం మీద నేనొక్కదాన్నే. నవ్వే వాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మా చర్చిలో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నేను తిట్టిన చోటల్లా అది చుక్కలు పెడతానంటోంది. చుక్కలు కనబడితే అక్కడ మంచి రుచిగల మాట ఒకటి ఉండిందని అనుకోండి.

మా ఆయన చర్చిలో తోటపని చేసేవాడు. ఆయనకు చేతనైన చెట్లు రెండే. ఒకటి క్రోటను, ఒకటి మెట్టతామర. ఆ రెండూ ఎవరూ పట్టించుకోకపోయినా పెరుగుతాయి, అందుకే అవంటే ఆయనకు అంత ప్రేమ. పోయిన మనిషిని అనకూడదంటారు. బతికున్నప్పుడు ఎదురుగా అన్నదే మళ్ళీ అంటున్నాను, కొత్తదేమీ కాదు. ఆయన పోయినాక ఆ పని నాకిచ్చారు. పనితో పాటు చర్చి వెనకున్న ఒంటి గది కూడా. ఆరేళ్ళుగా నాకు ఇల్లంటే అదే.

ఒకప్పుడు ఆదివారం ఆరాధనకు జనం నడిచి వచ్చేవాళ్ళు. ఇప్పుడు కూలికి పోయిన వాళ్ళ బిడ్డలంతా ఆసుపత్రిలోనో బడిలోనో బ్యాంకులోనో జీతానికి ఉన్నారు. మంచిదే, కళ్ళు చల్లబడతాయి. కానీ ఇంటికో బండి వచ్చింది, కొన్ని ఇళ్ళలో మనిషికో బండి. చర్చికి వస్తే వాటిని పెట్టే చోటు లేదు. మా కమిటీ సెక్రటరీ సారు బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన మీసం ఆయనకంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. ఒక ఆదివారం ఆయన బండిని రోడ్డు మీద పెడితే ఆటో వచ్చి గుద్దింది. లైటు పగిలింది. ఆ లైటు పగిలిన రోజు నుంచి నా తోట ఆయన కంట్లో నలుసు.

పోయిన సెప్టెంబరులో ఆరాధన కాగానే మీటింగు పెట్టారు.

“గేటు కాడి నుంచి మెట్ల దాకా దోవకు ఈ పక్క మడి, ఆ పక్క మడి. ఊరికే మట్టి పడుండాది. పూలా, కాయలా? టైల్స్ పరిస్తే బండ్లన్నీ లోపలే నిలబడతాయి” అన్నాడు సెక్రటరీ సారు.

“మరి తోటమ్మ?” అని ఎవరో అడిగారు.

“తోటే లేకుంటే తోటమ్మ యాల?”

నేను అక్కడే చాపలు చుడుతున్నాను. చుట్టిన చాపను మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాను. తోట పోతే పని పోతుంది, పని పోతే గది పోతుంది. కూతురిని కుప్పంలో ఇచ్చాను. అది రోజూ రైలెక్కి బెంగళూరుకు ఉద్యోగానికి పోయి వచ్చే మనిషి. దాని రెండు గదుల ఇంట్లో అత్తమామలు, ఆడబిడ్డ, ఒక ఫ్రిజ్జు. నేను ఫ్రిజ్జు మీద పడుకోవాలి.

అప్పుడు వెనక కుర్చీలోంచి చేతికర్ర టక్కున నేలకు తగిలింది. పెద్ద సిస్టరమ్మ లేచింది. ఆమె ఆసుపత్రిలో హెడ్డు నర్సుగా చేసి ఎప్పుడో రిటైరైంది. చర్చి ఎదుటి ఇంట్లో ఒక్కతే ఉంటుంది. వరండాలో కూర్చుంటే ఎడమ పక్క మడి ఆమెకు చేతిలో పెట్టినట్టు కనబడుతుంది.

“క్రిస్మస్ దాకా ఆగండప్పా. ఆ రెండు మడుల్లో అప్పటికి పాన్సీలు పూసి ఉంటే తోటుంటాది. లేకుంటే నేనే కుర్చీ ఏసుకోని కూసోని టైల్స్ పరిపిస్తా” అంది.

ఆమెకు ఎవరు ఎదురు చెబుతారు? కమిటీలో సగంమందిని పుట్టగానే కాళ్ళు పట్టుకుని తలకిందులుగా లేపి పిర్ర మీద చరిచింది ఆమే. మిగిలిన సగానికి సూదులేసింది. సెక్రటరీ సారు మీసం ఒక్కసారి దిగి మళ్ళీ లేచింది. సరేనన్నాడు.

బయటికి వచ్చాక సిస్టరమ్మను పట్టుకున్నాను. “అమ్మా, పాన్సీ అంటే ఏందమ్మా? మాట ఇచ్చేస్తివి!”

ఆమె చెప్పింది. నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు హాస్టలు ముందు ఆ పూల మడులు ఉండేవట. చలికాలంలో వేరే పూలు వెలవెలబోయిన రోజుల్లో అవి ఊదా, పసుపు, తెలుపు, ఎర్రమట్టి రంగుల్లో పూసేవట. ఎండ ముదిరితే చస్తాయట. తప్పు చేసిన పిల్లకు శిక్షేమిటంటే వాటి వాడిన పూలన్నీ గిల్లాలి. “ఆ శిక్ష కోసరం నేను కావాల్నే తప్పులు చేస్తాంటి” అంది. ఆమెకు నవ్వు వస్తే బుగ్గలో సొట్ట పడుతుందని ఆ రోజే చూశాను.

విత్తనాలు నా కూతురు బెంగళూరులో కొని తెచ్చింది. ప్యాకెట్టు మీద బొమ్మ ఉంది. అక్షరాలు నాకెందుకు, బొమ్మ చూశాను. ఒక్కటే పువ్వు, ప్యాకెట్టంతా అదే, నా అరచేయంత. నా బుద్ధి అక్కడే తప్పింది. ఇంత పువ్వంటే గుమ్మడి పువ్వంత పువ్వు. అంత పువ్వు మోయాలంటే తీగె ఎంతుండాలి?

ఆ సంగతి తర్వాత. ముందు మొలిపించాలి కదా. నాది పుంగనూరు దగ్గర పల్లె. ఊహ తెలిసినప్పటి నుంచి టమోటా తోటల్లో కూలికి పోయాను. నారు పెంచడం నా చేతిలో పని. ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి, గుంటకో గింజ వేశాను. సిస్టరమ్మ రెండే మాటలు చెప్పింది. ఈ గింజ చీకట్లో మొలుస్తుంది, చల్లగా ఉంటే మొలుస్తుంది. నా గదిలో చీకటి, చల్లన రెండూ ఉన్న చోటు మంచం కిందే. ట్రేలు అక్కడ పెట్టి, తడి గోనెసంచి కప్పాను.

వారం తర్వాత సిస్టరమ్మ చూడ్డానికి వచ్చింది. కర్రతో మంచం దుప్పటి పైకి లేపింది. గోనెసంచి మీద నా … కోడి, రెక్కలు విప్పుకుని, కళ్ళు మూసుకుని, మహారాణిలా పొదుగుతోంది. నేను పనికి పోగానే అది వచ్చి కూర్చుంటోందని నాకేం తెలుసు?

“ఏమ్మే! సల్లగా పెట్టమంటే కోడిని కూసోబెడితివా? పాన్సీలు లేపుతాండావా, కోడిపిల్లలు లేపుతాండావా?”

“నేను కూసోబెట్టలేదు సిస్టరమ్మా, అదే కూసునింది.”

“అది కూసుంటే నువ్వు లేపల్లగదా!”

కోడిని లేపాను. అది పొడిచింది. సగం గింజలు పోయాయనుకున్నాం. పోయాయి కూడా. కానీ అంచుల్లో, కోడి కింద పడని గుంటల్లో, ఆవగింజంత పచ్చ కనబడింది. అవి చాలు రెండు మడులకు. కోడి మళ్ళీ రాకుండా దాన్ని గంప కింద మూశాను. పండగ దాకా అది నాతో మాట్లాడలేదు.

నవంబరు వచ్చింది. పొద్దున్నే మంచు దిగుతోంది, నోరు తెరిస్తే పొగ. నారు నాటే సమయానికి సిస్టరమ్మ కలికిరిలో తమ్ముడి ఇంటికి పోయింది. మోకాళ్ళకు ఎవరో నూనె కాచి ఇస్తారని మూడు వారాలు అక్కడే ఉంది. అడిగేదానికి మనిషి లేదు. నాకు తెలిసిన విద్య టమోటా. టమోటాకు ఎట్లా చేస్తామో అట్లాగే చేశాను. మనిషి నడిచేంత ఎడం పెట్టి నాటాను. పుంగనూరు రోడ్డులో నేను పని చేసిన తోట కాపు అయిపోయింది. ఆ రైతును అడిగితే కట్టెలు తీసుకుపొమ్మన్నాడు. ఆటోలో కట్ట వేసుకుని వచ్చాను. మొక్కకో కట్టె నాటి, కట్టె కట్టెకూ పురికొస బిగించి, కిందికి ఒక దారం వేలాడదీశాను. తీగె రాగానే దారం పట్టుకుని ఎక్కాలి.

ఎక్కితే కదా. మొక్కలు నాలుగంగుళాలు పెరిగి, అదే చాలన్నట్టు పక్కలకు ఒత్తిగిలి కూర్చున్నాయి. నేను రోజూ దారాన్ని ఇంకొంచెం కిందికి దించాను. చివరికి దారం నేలకు తగిలింది.

చర్చికి వచ్చిన ప్రతి మనిషీ ఒక మాట అనే పోయేవాడు. “ఏమమ్మా, పందిరేస్తాండావా? పెండ్లెవరికి?” అని ఒకరు. “కట్టెలు బాగా పెరిగినాయి, ఏం ఎరువేస్తివి?” అని ఒకరు. సెక్రటరీ సారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మడి చుట్టూ నడిచి, “ఇంకా నెల ఉండాదిలే” అన్నాడు. ఆ ‘లే’ వినగానే పోయి దారాలన్నీ మళ్ళీ బిగించాను.

సిస్టరమ్మ కలికిరి నుంచి దిగింది. ఆటోలోంచి ఒక కాలు కింద పెట్టి, మడిని చూసి, రెండో కాలు పెట్టడం మరిచిపోయింది.

“ఏందే ఇది?”

“ఎక్కేదానికి అమ్మా.”

“ఎవరెక్కేదానికి? నువ్వా?”

ఆమె ఎంత నవ్విందంటే ఆటోవాడు భయపడి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని అప్పుడు చెప్పింది. ఈ మొక్క జానెడుకు మించి పెరగదు. పువ్వు రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది. బొమ్మలో పెద్దగా వేసి ఉంటారు, అంతే.

సిగ్గుతో ఆ సాయంత్రమే కట్టెలన్నీ పీకేశాను. మరుసటి ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తే నా కుడి పక్క మడిలో మూడు బండ్లు నిలబడి ఉన్నాయి. పదకొండు మొక్కలు చక్రాల కింద పచ్చడి అయ్యాయి. కట్టెలు లేకపోయేసరికి అది ఖాళీ నేల అనుకున్నారు. జానెడు మొక్క బండి మీదున్న వాడి కంటికి ఆనుతుందా? ఆ బండ్ల వాళ్ళను నేను అన్న మాటలకు నా కూతురు ఒక పేజీ చుక్కలు పెట్టాలి, వదిలేద్దాం.

సోమవారం పొద్దున్నే కట్టెలన్నీ మళ్ళీ నాటాను. ఈసారి నవ్విన వాళ్ళకు జవాబుంది. “మొక్కలు ఎక్కేదానికి కాదప్పా, బండ్లు ఎక్కకుండా ఉండేదానికి.” చచ్చిన మొక్కల చోట మిగిలిన నారు పెట్టాను.

డిసెంబరు మొదట్లో మొగ్గలు కనబడ్డాయి. నేను ఎగిరి గంతేసి సిస్టరమ్మకు చెప్పాను. ఆమె చల్లగా, “గిల్లేయ్” అంది.

“ఏంది?”

“తొలి మొగ్గలన్నీ గిల్లేయ్. అప్పుడే చెట్టు గుబురుగా కొమ్మలేసి, పండగకు నిండుగా పూస్తాది.”

నా గది ఆ మొగ్గల మీద నిలబడి ఉంది. ఆ మొగ్గలనే గిల్లమంటుంది! టమోటాకు పక్క కొమ్మలు గిల్లుతాం కానీ పూత గిల్లే … ఎవరైనా ఉంటారా? మూడు వారాల్లో మళ్ళీ పూయకుంటే? రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఒక ఉపాయం చేశాను. సిస్టరమ్మ వరండాలోంచి కనబడే ఎడమ పక్క మడిలో గిల్లాను. కనబడని కుడి పక్క మడి ముట్టలేదు. “అన్నీ గిల్లినావా?” అని అడిగితే, “చేతులు చూడమ్మా” అని పచ్చబడిన వేళ్ళు చూపించాను. అబద్ధం చెప్పలేదు. వేళ్ళు చూపించాను.

కుడి పక్క ముందే పూసింది. మొదటి పువ్వు ఊదారంగు, నడుమ పసుపు, పసుపు మీద నల్లటి మరకలు. వంగి చూస్తే అది నన్ను చూసింది. నిజంగా చెబుతున్నాను, కనుబొమలు ముడిచి, మూతి బిగించి, ‘నీళ్ళు ఇంత ఆలస్యమా’ అన్నట్టు చూసింది. మా ఆయన సంగటి చల్లారితే అచ్చం అట్లాగే చూసేవాడు. కూర్చుని దాన్ని కాసేపు తిట్టాను. హాయిగా అనిపించింది.

ఆడవాళ్ళు వచ్చి చూశారు. ఒకామె వాసన చూసింది. ఒకామె కాడ కొలిచింది.

“వాసన లేదు.”

“కాడ బెత్తెడు లేదు, దండకు రాదు.”

“తల్లో పెడితే గంటకు వాడిపోతాది. మరి దేనికమ్మా ఈ పువ్వు?”

“సూసేదానికి” అన్నాను.

“ఊరికే సూసేదానికేనా?”

“మీసాలోళ్ళను ఊరికే సూస్తాండాం గదా, వాళ్ళు మాత్రం దేనికి?”

ఆయన పోయినాక నేను తల్లో పూలు పెట్టుకోవడం మానేశాను. ఎవరూ మానమనలేదు, ఎవరూ పెట్టుకోమనీ అనలేదు, అదే జరిగిపోయింది. మల్లె కనబడితే చెయ్యి దానంతటదే జడ దగ్గరికి పోయి ఆగేది. ఈ పువ్వు దగ్గర ఆ తంటా లేదు. ఎవరికీ తలకు రాని పువ్వు. నాకూ రాదు, కొత్త పెళ్ళికూతురికీ రాదు. దాని ముందు మేమంతా ఒకటే.

కానీ పండగకు వారం ముందు కుడి పక్క మడి నీరసపడింది. ఒక్కో మొక్క ఒక్క కొమ్మతో ఈనెపుల్లలా నిలబడి, రెండు పూలు పూసి ఇక చాలంది. ఎడమ పక్క, గిల్లిన పక్క, ప్రతి మొక్కా గంప బోర్లించినట్టు గుబురుగా, మొగ్గల మీద మొగ్గలు. మాట ఇచ్చింది రెండు మడులకు. సిస్టరమ్మ దగ్గరికి పోయి ఒప్పుకున్నాను.

“నాకు తెలుసులే” అంది ఆమె. “నలబై ఏండ్లు నర్సు పిల్లోల్లను మేపినా. మాత్ర మింగినామని నాలిక సూపించే పేషెంట్లను ఎంతమందిని సూడలేదు! పో, పోయి ఎడం పక్కవి పది మొక్కలు మట్టితో సహా లేపి కుడి పక్క గేటు కాడ పెట్టు. గేటు కాడ నిండుగా ఉంటే ఎనక ఎవురూ సూడరు.”

పెట్టాను. తడి మట్టి ముద్దతో లేపితే ఒక్కటీ వాడలేదు.

క్రిస్మస్ పొద్దున వచ్చింది. చర్చి లోపల బల్ల మీద పెట్టడానికి పూలు సర్దే వంతు ఆ రోజు నాది. నా పూలే పెట్టాలని నా పట్టు. ఇత్తడి కూజాలు మోచేయంత ఎత్తు. బెత్తెడు కాడ లేని పువ్వును అందులో వేస్తే బావిలో పడినట్టు లోపలికి పోయింది. నాలుగు పడ్డాక తల పట్టుకున్నాను. గిన్నెలో వేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి మొహాలు కనబడలేదు. గదికి పోయి కళ్ళు తిప్పితే గోడకు నా పొంగణాల పెనం వేలాడుతోంది. నల్లటి ఇనుప పెనం, తొమ్మిది గుంతలు. బూడిదతో తోమి, గుంతల్లో నీళ్ళు పోసి, గుంతకో పువ్వు వేశాను. తొమ్మిది మొహాలు తేలుతూ పైకి చూశాయి. తెచ్చి బల్ల మీద పెట్టాను.

సెక్రటరీ సారు చూశాడు. మీసం వణికింది.

“ఏందమ్మా ఇది? ప్రభువు బల్ల మింద పొంగణాల పెనమా? ఇది చర్చా, టిఫిన్ కొట్టా?”

నేను బదులు చెప్పేలోపే ఆరాధన మొదలైంది. తీయడానికి సమయం లేదు. పాట మొదలు ముగింపు ప్రార్థన దాకా ముందు వరసల్లో వాళ్ళ కళ్ళు పెనం మీదే. ఆరాధన కాగానే జనం బయటికి పోకుండా బల్ల దగ్గరికి వచ్చారు. ఎవరో ఒక పువ్వును చూపించి, “ఇది మా అత్త. అన్నం అడిగితే ఇట్లనే సూస్తాది” అన్నారు. అంతే, మొదలైంది. “ఇది పాస్టరు గారు, ప్రసంగం మధ్యలో ఎవురన్నా లేస్తే.” “ఇది మా మేనేజరు.” ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు దొరికారు. పాస్టరు గారు కూడా వచ్చి తన మొహం చూసుకుని ఒప్పుకున్నారు.

పెద్ద సిస్టరమ్మ కర్రతో దారి చేసుకుని వచ్చింది. వంగి నిదానంగా చూసి, మధ్య గుంతలో ఉన్న తెల్ల పువ్వు దగ్గర వేలు పెట్టింది. మూతి మీద రెండు పక్కలకూ నల్లటి చారలు.

“ఈడ సూడప్పా సెక్రటరీ. ఇది అచ్చం నువ్వే. పుట్టిన రోజు నా సేతిలో ఇట్లనే మూతి ముడుచుకోని ఉంటివి. అప్పుడు మీసం ఒకటే తక్కువ.”

జనం గొల్లుమన్నారు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, “ఈ చెట్టు యాడుండాది?” అన్నాడు.

తీసుకుపోయాను. ఎడమ పక్క మడిలో మొదటి వరస. ఆ మొక్కకు ఇంకా ఆరు పూలు, ఆరింటికీ మీసాలు. టైల్స్ మొదలుపెట్టాల్సింది సరిగ్గా అక్కడి నుంచే.

“ఈడ ఎవుని బండి నిలబడాల సార్?” అని అడిగాను.

దానికి జవాబు మధ్యాహ్నం భోజనాలయ్యాక మీటింగులో చెప్పాడు. “పూలుండాయి. మాటంటే మాట. ఈ చెట్లు ఉన్నన్నాళ్ళూ టైల్స్ మాటొద్దు. బండ్లు వెనక గోడ పక్కన పెట్టుకుందాం. మొదట నాదే ఆడ పెడతా.” ఇప్పుడు ఆదివారం ఆదివారం గేటు దగ్గర ఆయనే నిలబడి డ్రిల్లు మాస్టరు గొంతుతో అరుస్తాడు. “ఒరేయ్, ఆడ కాదురా! మొహాలుండాయి, సూసి నడుపు!”

‘ఉన్నన్నాళ్ళూ’ అన్నాడు ఆయన. ఈ చెట్టు ఎండకు చస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, సిస్టరమ్మ కూడా చెప్పలేదు. ఇప్పుడు ఫిబ్రవరి చివర. పొద్దున చలి ఉన్నా మధ్యాహ్నానికి పాన్సీలు తలలు వేలాడేస్తున్నాయి. పోయిన వారమే వాటి సందుల్లో బంతి గింజలు చల్లాను. మొలిచాయి. ఇవి పోయేలోపు అవి లేస్తాయి, మడి ఒక్కరోజు ఖాళీగా ఉండదు. పెద్ద బంతి, నడుమెత్తు పెరుగుతుంది, పూత బరువుకు వంగిపోతుంది.

కట్టెలు నేను పీకలేదు.